క్యాంపర్ వ్యాన్ కొంటున్నారా? ముందు రాత్రులు లెక్కపెట్టండి

ఒంటారియోలో ఏప్రిల్ దాటిందంటే చాలు, మిస్సిసాగా తెలుగు వాళ్ళ కబుర్లలో రెండే విషయాలు. పెరట్లో గోంగూర విత్తనాలు ఎప్పుడు చల్లాలి? ఈ వేసవికి ఎక్కడికి వెళ్ళాలి? రెండో ప్రశ్నకి ఈ మధ్య చాలా ఇళ్ళలో వినిపిస్తున్న జవాబు క్యాంపర్ వ్యాన్. "హోటల్ బుకింగులు అక్కర్లేదు, దారిలో ఎక్కడైనా ఆగి పప్పూ అన్నం వండుకోవచ్చు, ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు బాత్‌రూమ్ కోసం వెతుక్కోనక్కర్లేదు" అంటూ మొదలవుతుంది. తీరా ధర అడిగితే లక్ష డాలర్లు దాటి, ఒక్కోసారి రెండు లక్షల దాకా పోతుంది. మనలో చాలామందికి ఇల్లు తరవాత ఇంత డబ్బు ఒక్కసారిగా పెట్టే వస్తువు ఇంకొకటి ఉండదు. అయినా ఇల్లు కొనేటప్పుడు పడినంత ఆలోచనలో పదో వంతు కూడా దీనికి పడం. ఒక ఆదివారం మధ్యాహ్నం సరదాగా చూద్దామని వెళ్ళి, సాయంత్రానికి సంతకం పెట్టి వస్తాం.

మేము కూడా సరిగ్గా అలాగే పెట్టబోయాం. అలా పెట్టకుండా ఆపిన ఒక ప్రశ్న గురించి, ఆ తరవాత ఎనిమిది నెలల్లో నేర్చుకున్న సంగతుల గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

మామయ్యగారి ప్రశ్న

అది మార్చి నెల. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన మామయ్యగారు, నేను కలిసి ఒక డీలర్ దగ్గరికి వెళ్ళాం. పైకప్పు లేచి నలుగురు పడుకునే వీలున్న వ్యాన్ ఒకటి అందరికీ నచ్చింది. ధర లక్షా 62 వేలు, పన్ను అదనం. సేల్స్‌మన్ చాలా మర్యాదస్తుడు. మా పెద్దవాడు పదకొండో క్లాసుకి దగ్గరపడుతున్నాడని మాటల్లో తెలుసుకుని, "అయితే మీకు అందరూ కలిసి తిరిగే వేసవులు ఇంకా నాలుగే ఉన్నాయన్నమాట" అన్నాడు. ఆ మాట నా గుండెల్లో గుచ్చుకుంది. నిజం కూడా. ఈ ధర ఈ రోజుకే అని కూడా అన్నాడు. నేను పెన్ను తీశాను.

అంతసేపూ మాట్లాడకుండా చుట్టూ తిరిగి చూస్తున్న మామయ్యగారు అప్పుడు తెలుగులో అడిగారు. "బాబూ, ఏడాదికి ఎన్ని రాత్రులు పడుకుంటారు ఇందులో?"

నా దగ్గర జవాబు లేదు. "ఆలోచించుకుని వస్తాం" అని చెప్పి బయటపడ్డాం. ఇంటికొచ్చాక ఆయన ఒక తెల్ల కాగితం తీసుకుని కూర్చున్నారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారితో ఎడ్ల సంతకి వెళ్ళేవారట. అక్కడ బేరం పైకి మాట్లాడరు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు పెట్టుకుని వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. "కానీ ఆ తువ్వాలు కప్పేముందే మా నాన్న ఎద్దు పళ్ళు చూసేవాడు, నడిపించి చూసేవాడు, ఇంటి దగ్గర ఎన్ని ఎకరాల పని ఉందో లెక్క వేసుకుని వచ్చేవాడు. బేరం ఆఖరి పని" అన్నారు. నేను మొదటి పని అనుకుంటున్నాను.

రాత్రి ఖరీదు

ఆ కాగితం మీద మేము వేసిన లెక్క ఇది. అంకెలు గుండ్రంగా తీసుకున్నాం, మీవి వేసుకుని చూడండి.

వ్యాన్ ధర లక్షా 50 వేలు అనుకుందాం. ఒంటారియోలో 13 శాతం హెచ్.ఎస్.టి. అంటే 19,500. మొత్తం లక్షా 69 వేల 500. ఎనిమిదేళ్ళు వాడి 75 వేలకి అమ్మామనుకుంటే పోయింది 94,500. అంటే ఏడాదికి సుమారు 11,800. ఇన్సూరెన్సు, చలికాలం పార్కింగు, సర్వీసు కలిపి ఏడాదికి 4,000 వేసుకుంటే మొత్తం 15,800. ఇందులో వడ్డీ లేదు, పెట్రోలు లేదు, క్యాంపుగ్రౌండు అద్దె లేదు.

ఏడాదికి 20 రాత్రులు పడుకుంటే ఒక్కో రాత్రి 790 డాలర్లు. 60 రాత్రులైతే 263. అదే వ్యాన్‌ని రాత్రికి 300 డాలర్ల చొప్పున అద్దెకి తెచ్చుకుంటే, కొన్నవాడితో సమానం కావడానికి ఏడాదికి దాదాపు 53 రాత్రులు పడతాయి. ఉద్యోగం చేసుకునే మనకి సెలవులు ఎన్ని? మూడు వారాలు, పైన కొన్ని లాంగ్ వీకెండ్లు. అందులో రెండేళ్ళకోసారి ఇండియా ప్రయాణం.

దీని అర్థం కొనవద్దని కాదు. 53 అనే అంకె తెలిసి కొనమని. రిటైరయినవాళ్ళు, ఇంటి నుంచి పనిచేసే వీలున్నవాళ్ళు ఆ అంకెని సులభంగా దాటుతారు. తెలియకుండా కొన్నవాడికే, మూడో ఏడాది వాకిట్లో కదలకుండా నిలబడ్డ బండిని చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది.

మేము ఆ వేసవికి కొనలేదు. అద్దెకి తీసుకుని రెండు విడతలుగా 11 రాత్రులు తిరిగాం. ఒక వేసవి పోలేదు, డబ్బూ పోలేదు. పైగా ఏ షోరూమూ చెప్పని సంగతులు తెలిశాయి.

పళ్ళు చూడటం అంటే

కొత్త వ్యాన్ మెరుస్తూ ఉంటుంది. మెరుపు విలువ కాదు. చూడాల్సినవి ఇవి.

మొదటిది, బండి ఇద్దరు తయారుచేస్తారు. ఇంజనూ చాసిస్సూ సాధారణంగా మూడింటిలో ఒకటి: ఫోర్డ్ ట్రాన్సిట్, రామ్ ప్రోమాస్టర్, మెర్సిడెస్ బెంజ్ స్ప్రింటర్. లోపలి ఇల్లు కట్టేది వేరే కంపెనీ. ఫ్రిజ్, హీటర్, ఏ.సి. తయారు చేసినవాళ్ళు ఇంకొకరు. అంటే ఒకే బండికి మూడు రకాల వారంటీలు. ఇంజను పాడైతే ఒకచోటికి, కుళాయి కారితే ఇంకొకచోటికి వెళ్ళాలి. "ఇంటి భాగం రిపేరు మిస్సిసాగాకి దగ్గరలో ఎవరు చేస్తారు? జూలైలో అపాయింట్‌మెంటు ఎన్ని వారాలకి దొరుకుతుంది?" అని ధరకంటే ముందు అడగండి.

రెండోది, కట్టిన కంపెనీ గట్టితనం. దీనికి ఉదాహరణ మన పక్కనే, గంట దూరంలో ఉంది. కిచెనర్‌లో పుట్టిన రోడ్‌ట్రెక్ ఈ రకం వ్యాన్లకి ఉత్తర అమెరికా అంతటా పేరున్న బ్రాండు. 2016లో జర్మనీకి చెందిన ఎర్విన్ హైమర్ గ్రూపు చేతికి వెళ్ళింది. 2019 ఫిబ్రవరిలో అమెరికాకి చెందిన థోర్ కంపెనీ హైమర్‌ని కొన్నప్పుడు, లెక్కల్లో అవకతవకలు బయటపడటంతో ఉత్తర అమెరికా విభాగాన్ని మాత్రం వదిలేసింది. అదే నెలలో ఆ విభాగం రిసీవర్ చేతిలోకి పోయింది. వందలమంది ఉద్యోగాలు పోయాయి. అప్పటికే వ్యాన్ కొన్నవాళ్ళకి వారంటీ ఎవరు చూస్తారన్న దిగులు మిగిలింది. తరవాత అదే ఏడాది ఫ్రాన్సుకి చెందిన రాపిడో గ్రూపు ఆ బ్రాండుని కొని మళ్ళీ నడిపించింది. నీతి ఏమిటంటే వారంటీ కాగితం విలువ దాన్ని ఇచ్చిన కంపెనీ బతికి ఉన్నంతవరకే. పేరు చూసి మురిసిపోకుండా, ఎంతకాలంగా కడుతున్నారు, ఈ మధ్య చేతులు మారిందా అని కూడా కనుక్కోవాలి.

మూడోది, ఎందరు కూర్చుంటారు, ఎందరు పడుకుంటారు. ఇవి రెండు వేరు అంకెలు. నాలుగు సీటు బెల్టులు ఉండి ఇద్దరికే పడక ఉన్న వ్యాన్లు చాలా ఉన్నాయి. మంచం మీద నిజంగా పడుకుని చూడండి. పెద్దవాళ్ళు మెట్టెక్కి లోపలికి రాగలరా, ఇరుకు బాత్‌రూములో తలుపు వేసుకుని తిరగగలరా అన్నది వాళ్ళ చేతే చేయించి చూడండి. అద్దె వ్యాన్‌లో మొదటి రాత్రే మా ఆవిడ నడుము పట్టేసింది. పరుపు మందం అన్నది మా జాబితాలో పైకి వచ్చింది.

నాలుగోది, బరువు. ప్రతి బండికీ మొత్తం ఇంత బరువు దాటకూడదని ఒక హద్దు ఉంటుంది. ఖాళీ బండి బరువు పోగా మిగిలిందే మనకి దక్కేది. డ్రైవర్ తలుపు దగ్గరి లేబుల్ చూసి, ఆ అంకెలో మనుషులూ నీళ్ళూ కలిసే ఉన్నాయో లేదో అడగండి. లీటరు నీళ్ళు కిలో. ట్యాంకులో 80 లీటర్లుంటే 80 కిలోలు. నలుగురు మనుషులు, బియ్యం, కుక్కరు, సైకిళ్ళు ఎక్కిస్తే చాలా వ్యాన్లు హద్దు దగ్గరికి వచ్చేస్తాయి. పైన పెట్టించుకునే ప్రతి అదనపు సామానూ దీన్ని తినేస్తుంది.

ఐదోది, చలి. మన దగ్గర అక్టోబరు చివరికల్లా నీటి గొట్టాల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసి బండిని నిద్రపుచ్చాలి. లేకపోతే గొట్టాలు పగులుతాయి. లిథియం బ్యాటరీలు సున్నా డిగ్రీల కంటే కింద ఛార్జింగు తీసుకోవు, బ్యాటరీకి వేడి పెట్టే ఏర్పాటు ఉందా అని అడగండి. నీళ్ళ ట్యాంకు బండి లోపల ఉందా, కింద చలిలో వేలాడుతోందా అన్నది కూడా ముఖ్యం.

ఆరోది, తాలింపు. నవ్వకండి. చిన్న గదిలో ఎండుమిర్చి తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది, పరుపుకి వాసన నెలరోజులు ఉంటుంది. పొయ్యి పైన ఫ్యాను గాలిని నిజంగా బయటికి తోస్తుందా, లోపలే తిప్పుతుందా చూడండి. బయట పెట్టుకుని వండుకునే వీలున్న బండి మనకి ఎక్కువ విలువైనది.

చిన్న వర్క్‌షాపు వాళ్ళ చేత ఖాళీ వ్యాన్‌ని ఇల్లుగా మార్పించుకునేవాళ్ళు ఇంకొక మాట అడగాలి. కెనడాలో ఆర్.వి.ల గ్యాసు, కరెంటు, నీళ్ళ ఏర్పాట్లకి సి.ఎస్.ఏ. జెడ్ 240 అనే ప్రమాణాలు ఉన్నాయి. ఆ లేబుల్ ఉంటుందా? లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీ ఏమంటుంది? ముందే ఫోన్ చేసి అడగడం మేలు.

ధర వెనక ఉన్న సంగతి

బేరానికి కూర్చునే ముందు అవతలివాడి పరిస్థితి తెలియాలి. కోవిడ్ రోజుల్లో విమానాలు ఆగిపోయేసరికి అందరూ ఆర్.వి.ల మీద పడ్డారు. 2021లో ఉత్తర అమెరికా తయారీదార్లు డీలర్లకి 6 లక్షలకి పైగా ఆర్.వి.లు పంపారు. అది రికార్డు. 2023 వచ్చేసరికి ఆ సంఖ్య సుమారు 3 లక్షల 13 వేలకి పడిపోయింది. 2021లో "రాసి ఉన్న ధర ఇస్తేనే బండి" అన్న డీలరే ఆ తరవాత బేరానికి దిగాడు. కాబట్టి అప్పట్లో కొన్న స్నేహితుడి మాట మీ బేరానికి కొలబద్ద కాదు.

డీలర్ ఆవరణలో నిలబడ్డ బండి మీద సాధారణంగా డీలరుకి అప్పు ఉంటుంది. అది నిలబడ్డ ప్రతి నెలా అతను వడ్డీ కడుతున్నాడు. అందుకే "ఈ బండి మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది?" అన్నది చాలా విలువైన ప్రశ్న. చలికాలం చివర్లో మన ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని ఇంటర్నేషనల్ సెంటర్ లాంటి చోట్ల ఆర్.వి. ప్రదర్శనలు జరుగుతుంటాయి. నాలుగు కంపెనీల బండ్లు ఒకేచోట ఎక్కి దిగడానికి అవి చాలా మంచివి. కానీ అందరూ వేసవి కలలు కనే ఆ రోజుల కంటే, మంచు పడబోయే అక్టోబరు, నవంబరు నెలల్లో కొనేవాడి మాటకి బరువెక్కువ.

ఇంకొక కిటుకు. లోపలి ఇల్లు ఈ ఏడాది మోడల్ అయినా చాసిస్ పోయిన ఏడాదిది కావచ్చు. బండి వి.ఐ.ఎన్. నంబరులో పదో అక్షరం చూడండి. 'ఆర్' అయితే 2024, 'ఎస్' అయితే 2025, 'టి' అయితే 2026 చాసిస్. పాతదైతే తప్పేమీ లేదు, అమ్మేటప్పుడు మీకూ తగ్గుతుంది కాబట్టి కొనేటప్పుడూ తగ్గాలి. చాసిస్ వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో మాత్రం కాగితం మీద రాయించుకోండి.

బేరం ఎలా ఆడాలి

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కానీ అడగడానికి ఒక వరస ఉంది.

ఒకటి, మాట్లాడేది ఆన్‌రోడ్ ధర ఒక్కటే. ఒంటారియోలో 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహన డీలర్ల చట్టం ప్రకారం, డీలర్ ప్రకటనలో ఒక ధర వేస్తే అందులో రవాణా, తయారీ ఖర్చులు, అడ్మిన్ ఫీజు అన్నీ కలిసి ఉండాలి. హెచ్.ఎస్.టి., లైసెన్సింగు మాత్రమే పైన రావచ్చు. ప్రకటన ప్రింటు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళండి. కొత్త ఫీజు కనిపిస్తే అది చూపించండి.

రెండు, "నెలకి ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పకండి. అది తువ్వాలు తీసేసి మీ వేళ్ళు అందరికీ చూపించడమే. ఎందుకో చూడండి. లక్షా 69 వేల 500 అప్పు, 8 శాతం వడ్డీ అనుకుందాం. పదేళ్ళలో తీర్చితే నెలకి సుమారు 2,057, మొత్తం 2 లక్షల 47 వేలు. ఇరవై ఏళ్ళయితే నెలకి 1,418 మాత్రమే, ఎంత తేలికగా ఉంది! కానీ మొత్తం 3 లక్షల 40 వేలు. నెలకి 640 తగ్గించుకున్నందుకు 93 వేలు ఎక్కువ కడుతున్నాం. పైగా అప్పు తీరేసరికి బండికి ఇరవై ఏళ్ళు.

మూడు, వరస తప్పకూడదు. మొదట వ్యాన్ ధర తేలాలి. తరవాతే మీ పాత బండి మార్పిడి, ఆ తరవాతే అప్పు, చివరికి అదనపు సామాను. అన్నీ కలిపి మాట్లాడితే ఒకచోట ఇచ్చింది ఇంకొకచోట లాగేస్తారు.

పాత బండి విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. డీలరుకి ఇచ్చేస్తే ఆ మేరకి పన్ను తగ్గుతుంది. మీ మినీ వ్యాన్‌కి 20 వేలు ఇచ్చాడనుకోండి. హెచ్.ఎస్.టి. లక్షా 30 వేల మీదే పడుతుంది. అంటే 2,600 మిగులు. బయట అమ్ముకుంటే 22,600 కంటే ఎక్కువ వస్తేనే లాభం.

నాలుగు, కనీసం ముగ్గురు డీలర్ల దగ్గర ఒకే మోడలుకి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ధర తెప్పించండి. మిస్సిసాగా చుట్టుపక్కలే చూడనక్కర్లేదు. రెండు మూడు గంటల దూరం వెళ్ళడానికి సిద్ధపడండి.

ఐదు, మీ ఆఖరి అంకె ఇంటి దగ్గరే రాసుకుని, ఇద్దరూ ఒప్పుకుని వెళ్ళండి. అది దాటితే లేచి రావాలి. "ఈ రోజుకే ఈ ధర" అన్నవాడికి మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. ఆలస్యం అమృతం విషం అన్నది బండ్ల బేరానికి వర్తించదు.

ఆరు, ధర కుదిరాక ఫైనాన్స్ గదిలోకి పంపుతారు. అసలు పరీక్ష అక్కడే. పొడిగించిన వారంటీ, పెయింటు పూత, టైర్ల పథకం, అప్పు మీద బీమా... కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు తయారవుతుంది. కాకపోతే ఇక్కడ కొసరుకి మనమే డబ్బు కట్టాలి. పొడిగించిన వారంటీ కావాలనుకున్నా దాని ధర కూడా బేరమాడవచ్చు. అది చాసిస్‌కా, ఇంటి భాగానికా, రెండింటికీనా అని అడగండి.

పన్నులో రెండు మెలికలు

2022 సెప్టెంబరు 1 నుంచి కెనడాలో లక్ష డాలర్లు దాటిన వాహనాల మీద లగ్జరీ టాక్స్ ఉంది. మొత్తం ధరలో 10 శాతం, లేదా లక్ష పైన ఉన్న దానిలో 20 శాతం, వీటిలో ఏది తక్కువైతే అది. లక్షా 20 వేల బండికి 4,000 అన్నమాట. క్యాంపర్ వ్యాన్ కొనేవాళ్ళు భయపడనక్కర్లేదు. వంట ఏర్పాటు, ఫ్రిజ్, టాయిలెట్, ఇంజనుతో పనిలేని హీటరు లేదా ఏ.సి., కుళాయీ సింకూ ఉన్న మంచినీళ్ళ ఏర్పాటు, ఇంజనుతో పనిలేని ఇంటి కరెంటు లేదా గ్యాసు ఏర్పాటు... వీటిలో కనీసం నాలుగు ఉన్న ఆర్.వి.కి ఈ పన్ను వర్తించదు. పడకా పొయ్యీ మాత్రమే ఉన్న తేలికపాటి మార్పిడి వ్యాన్ అయితే మాత్రం ఆ జాబితా ముందు పెట్టుకుని డీలర్‌ని అడగండి.

అమెరికాలో చవక అని సరిహద్దు దాటి కొనాలనుకునేవాళ్ళు డాలరు మారకం ఒక్కటే చూస్తే చాలదు. ట్రాన్స్‌పోర్ట్ కెనడా ఒప్పుకున్న జాబితాలో ఆ మోడల్ ఉండాలి, దిగుమతి నమోదు జరగాలి, పన్ను ఇక్కడా తప్పదు. పైగా 2025 ఏప్రిల్‌లో అమెరికా వాహనాల మీద కెనడా సర్‌టాక్స్ విధించింది. మీరు చూస్తున్న బండికి అది పడుతుందా అన్నది కొనకముందే కెనడా బోర్డర్ సర్వీసెస్ ఏజెన్సీని అడిగి తెలుసుకోవాలి.

సంతకానికి ముందు, తాళాలకి ముందు

చాలామంది మన వాళ్ళు నమ్మే ఒక పొరపాటు ఉంది. బండి కొన్నాక పదిరోజుల్లో వద్దంటే వెనక్కి తీసుకుంటారని. ఒంటారియోలో డీలర్ దగ్గర కొన్న వాహనానికి అలాంటి గడువు లేదు. మనసు మారిందని ఒప్పందం రద్దు కాదు. అందుకే షరతులన్నీ సంతకానికి ముందే ఒప్పందంలో రాయించాలి. "అప్పు మంజూరైతేనే", "తనిఖీలో లోపాలు సరిచేస్తేనే" అన్న మాటలు నోటితో చాలవు. డీలర్ ఓమ్విక్‌లో నమోదైనవాడేనా చూడండి. అలాంటి డీలర్ దగ్గర కొని నష్టపోయిన కొనుగోలుదార్లకి, అర్హత ఉంటే, 45 వేల డాలర్ల వరకు ఇచ్చే పరిహార నిధి ఒకటి ఉంది.

బండి తీసుకునే రోజు ఒక పూట సెలవు పెట్టండి. నీళ్ళు నింపించి ప్రతి కుళాయీ తిప్పండి, సింకు కింద చెయ్యిపెట్టి తడుముకోండి. పొయ్యి వెలిగించండి, హీటరూ ఏ.సి. రెండూ నడపండి, ఫ్రిజ్ చల్లబడే దాకా ఉండండి, కిటికీలన్నీ తెరిచి మూయండి. లోపం కనిపిస్తే సరిచేసేదాకా తీసుకోకండి. డబ్బు చేతిలో ఉన్నంతసేపే మన మాట వినిపిస్తుంది.

ఇంకొకటి, బండి ఎక్కడ పెడతారు? లైసెన్సుతో ఇబ్బంది లేదు, మామూలు జి లైసెన్సు చాలు. కానీ ఈ వ్యాన్లలో చాలావరకు తొమ్మిది అడుగుల ఎత్తు పైనే ఉంటాయి, గ్యారేజీలో పట్టవు. మిస్సిసాగాలో తెల్లవారుజామున రెండు నుంచి ఆరు వరకు అనుమతి లేకుండా వీధిలో ఆపకూడదు. సొంత డ్రైవ్‌వే మీద పెట్టే ఆర్.వి.కి కూడా సిటీ జోనింగ్ బైలా 0225-2007లో పొడవూ ఎత్తుల హద్దులు ఉన్నాయి. 311కి ఫోన్ చేసి, మీ ఇంటి చిరునామా, బండి కొలతలు చెప్పి అడగండి. పెట్టడానికి వీల్లేకపోతే బయట అద్దెకి పెట్టే ఖర్చు కూడా రాత్రి లెక్కలో కలపాలి.

మా లెక్క ఎలా తేలింది

నవంబరులో, రెండు గంటల దూరంలో ఉన్న ఇంకొక డీలర్ దగ్గర, మేము మార్చిలో చూసిన అదే మోడల్ దొరికింది. ఆ ఏడాదిదే, కానీ కొత్త ఏడాది బండ్లు అప్పటికే వచ్చేశాయి. రాతపూర్వకంగా మూడు ధరలు చేతిలో పెట్టుకుని మాట్లాడితే లక్షా 46 వేల 500 దగ్గర కుదిరింది. తేడా 15,500, పన్నుతో కలిపి 17,515 డాలర్లు. మాకు కావలసిన రంగు మాత్రం దొరకలేదు. తాళాలు తీసుకునే రోజు సింకు కింద గొట్టం కారుతోందని, ఒక కిటికీ సరిగా మూసుకోవడం లేదని తేలింది. సరిచేశాకే తీసుకున్నాం.

ఇప్పుడు నాకు అనిపించేది ఒక్కటే. "నాలుగు వేసవులే ఉన్నాయి" అన్న సేల్స్‌మన్ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ మాట బండి ధర గురించి కాదు, మా జీవితం గురించి. రెండింటినీ ఒకే కాగితం మీద కలిపితే ఎంత ధరైనా తక్కువగానే కనిపిస్తుంది. వేసవులకి విలువ కట్టలేం, నిజమే. బండికి మాత్రం కట్టవచ్చు, కట్టాలి.

వ్యాన్ డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టాం. ఎక్కడ పడుకున్నామో, ఏ రాత్రో రాస్తాం. మామయ్యగారు తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మనవలు ఎలా ఉన్నారని అడిగిన వెంటనే "ఎన్నయ్యాయి బాబూ?" అంటారు. మొదటి ఏడాది 31 అయ్యాయి. కాగితం మీద లెక్క ప్రకారం ఇంకా నష్టంలోనే ఉన్నాం. ఆ సంగతి తెలిసే వచ్చే లాంగ్ వీకెండ్‌కి కిల్‌బేర్ పార్కులో చోటు బుక్ చేశాను.

మీరూ లెక్క వేసుకోండి. తరవాత తీరిగ్గా బేరమాడండి. శుభ ప్రయాణం!